సరిహద్దును తినే రంపం

ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక మీద రెండు తెలుగు రాష్ట్రాల పటం అతికించి, జిల్లాల గీతల వెంట కోయాలనుకుందాం. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 26 జిల్లాలు, 2019 నాటి లెక్కన తెలంగాణలో 33. మొత్తం 59 ముక్కలు. పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద రెండు కిలోమీటర్లు. ఆ లెక్కన పటం 43 సెంటీమీటర్ల వెడల్పు, 41 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. భోజనాల బల్ల మీద పరుచుకుని ఆడుకోవడానికి సరైన కొలత.

ఇలాంటి బొమ్మ అవసరం హూడిలో ఉన్నంతగా గుంటూరులో ఉండదు. బెంగళూరు తూర్పు కొసన కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్ స్టేషన్ల మధ్య ఉన్న చిన్న రైల్వే హాల్టు అది. 2023 మార్చి 25న మెట్రో కూడా వచ్చింది. ఐటీపీఎల్ టెక్ పార్కు చుట్టుపక్కల ఆఫీసులకు పోయే తెలుగువాళ్లు ఇక్కడి అపార్ట్‌మెంట్ల నిండా ఉంటారు. ఒకే లిఫ్టులో సిక్కోలు యాస, అనంతపురం యాస, ఖమ్మం యాస కలిసి కిందికి దిగుతాయి. వాళ్ల పిల్లలకు మాత్రం సొంతూరంటే పండక్కి రాత్రి బస్సెక్కి తెల్లవారి దిగే చోటు. దారిలో ఏ జిల్లా తర్వాత ఏది వచ్చిందో నిద్రలోనే దాటిపోతుంది. మన పటం కొలతలో హూడి నుంచి ఆంధ్ర సరిహద్దు మూడు నాలుగు సెంటీమీటర్లే.

చెక్క పజిల్ మొదలైందే ఇలాంటి పటంతో. లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల తయారీదారు 1766లో ఐరోపా పటాన్ని పల్చటి మహాగని చెక్కకు అంటించి, రాజ్యాల హద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళ పాఠంగా అమ్మాడు. మూడేళ్లకే, 1769లో, చనిపోయాడు. అప్పట్లో వాడింది చేతి రంపమే. కాలితో తొక్కే రంపాలు పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇళ్లలోకి వచ్చాయి. 1930ల మాంద్యంలో అమెరికాలో ఉద్యోగాలు పోయినవాళ్లు ఇంట్లోనే ఇలాంటి పజిళ్లు కోసి అమ్ముకుని, అద్దెకిచ్చి బతికారు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది స్క్రోల్ సా. హార్డ్‌వేర్ దుకాణంలో జిగ్‌సా అని అడిగితే చేత్తో పట్టుకునే వేరే యంత్రం ఇస్తారు. దానిలో బ్లేడు ఒక కొసనే బిగించి ఉంటుంది, రెండో కొస గాలిలో ఆడుతుంది. కిటికీ చెక్కకు కన్నం పెట్టడానికి అది చాలు, పజిల్‌కు పనికిరాదు. స్క్రోల్ సాలో బ్లేడును పైనా కిందా రెండు చోట్లా బిగిస్తారు. బ్లేడు పొడవు 127 మిల్లీమీటర్లు, అంటే అయిదంగుళాలు. పజిల్‌కు వాడే సన్న రకం వెడల్పు అర మిల్లీమీటరు పైచిలుకు, మందం పావు మిల్లీమీటరు. నిమిషానికి 1,200 సార్లు, ఒక్కోసారికి సుమారు రెండు సెంటీమీటర్లు, కిందికీ పైకీ ఆడుతుంది. కోసేది కిందికి దిగేటప్పుడే. రంపం కదలదు. పలకనే రెండు చేతులతో తిప్పుతూ బ్లేడుకు అందించాలి.

బ్లేడు మందం పావు మిల్లీమీటరైనా అది చేసే సందు అంతకంటే ఎక్కువే. పళ్లు కాస్త పక్కలకు కోస్తాయి, బ్లేడు కాస్త వణుకుతుంది. సందు 0.35 మిల్లీమీటర్లు అనుకోండి. మన పటంలో అది 700 మీటర్ల వెడల్పున్న నేల. యాభైతొమ్మిది జిల్లాల హద్దులన్నీ కలిపితే కోత కనీసం అయిదు మీటర్లు సాగుతుందని నా అంచనా. అయిదు మీటర్లను 0.35 మిల్లీమీటర్లతో గుణిస్తే 1,750 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కో చదరపు మిల్లీమీటరూ నాలుగు చదరపు కిలోమీటర్లు కాబట్టి, 7,000 చదరపు కిలోమీటర్ల నేల రంపపు పొట్టుగా మారి బాల్కనీలో రాలిపోతుంది. రెండు రాష్ట్రాల విస్తీర్ణాన్ని 59తో భాగిస్తే సగటు జిల్లా 4,660 చదరపు కిలోమీటర్లు. ఒకటిన్నర జిల్లా మాయం! హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లే కాబట్టి, ఆ కొలతన అయితే 32 హైదరాబాదులు.

అంత నేల పోయినా పజిల్ చక్కగా అతుకుతుంది. ఎందుకో అర్థమైతే కచ్చితమైన కోత అంటే ఏమిటో సగం తెలిసినట్టే.

కొత్తగా రంపం పట్టినవాళ్ల కళ్లన్నీ పెన్సిల్ గీత మీదే ఉంటాయి. చెయ్యి తడబడి బ్లేడు గీతను అర మిల్లీమీటరు దాటితే ప్రాణం ఉసూరుమంటుంది. అర మిల్లీమీటరంటే మన పటంలో కిలోమీటరు. పల్నాడు భూమి కిలోమీటరు మేర ప్రకాశానికి పోయింది. కానీ అదే కోత పల్నాడుకు అంచు, ప్రకాశానికీ అంచు. ఒకటి తగ్గిన చోట రెండోది అంతే పెరిగింది. తప్పును ఇద్దరూ సమానంగా పంచుకున్నారు గనుక రెండూ ఎప్పటిలాగే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెవెన్యూ శాఖకు అభ్యంతరం ఉండొచ్చు, పజిల్‌కు లేదు.

రెండు ముక్కల్నీ వేర్వేరు పలకల్లో కోసి జత చేయాలంటే మాత్రం కథ మారుతుంది. అప్పుడు ఒక ముక్కలో దొర్లిన తప్పు ఇంకో ముక్కకు తెలియదు. పన్నెండు ముక్కల్ని వరసగా ఒక చట్రంలో ఇరికించాలనుకోండి, ఒక్కోదానిలో 0.1 మిల్లీమీటరు తేడా ఉంటే, తేడాలన్నీ ఒకే వైపు పడితే 1.2 మిల్లీమీటర్లు, అటూ ఇటూ పడి కొన్ని రద్దయితే, పన్నెండు వర్గమూలం లెక్కన 0.35 దగ్గర. కాబట్టి పజిల్ కోసేవాళ్ల మొదటి తెలివి చేతిలో లేదు, తప్పు ఎక్కడికి పోవాలో ముందే ఏర్పాటు చేయడంలో ఉంది. మైసూరు రోజ్‌వుడ్ పొదుగుడు పనివాళ్లకు ఇది తరతరాలుగా తెలుసు. వాళ్లు ఏనుగు బొమ్మనో పూల తీగనో ఫ్రెట్ రంపంతో ముందు కోసుకుంటారు. దాన్ని కాగితం మీది బొమ్మతో సరిచూసుకోవడం మీద ఆధారపడరు. కోసిన ముక్కనే బల్ల మీద పెట్టి దాని చుట్టూ మొనతో గీసి, ఆ గీత లోపల ఉలితో తవ్వుతారు. ముక్కలో ఏ వంకర ఉందో గుంటలోనూ అదే వంకర వస్తుంది.

ఒకే కోత పంచుకున్నా తప్పించుకోలేని తప్పు ఒకటుంది: నిలువు తప్పడం. బ్లేడు పలకకు సరిగ్గా 90 డిగ్రీల్లో లేకపోతే ముక్క అంచు వాలుగా వస్తుంది. ఒక్క డిగ్రీ తేడాకు ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో పైకీ కిందికీ 0.1 మిల్లీమీటరు తేడా. సందు 0.35 ఉంది కాబట్టి కలిసిపోతుంది. అదే 19 మిల్లీమీటర్ల మందం టేకు పలకలో 0.33 మిల్లీమీటర్లు, సందంతా మింగేసింది. ఇక ముక్క ఒక వైపు నుంచే దిగుతుంది, రెండో వైపు నుంచి ఇరుక్కుంటుంది. చిన్న మూలమట్టం పెట్టి చూస్తే అయిదంగుళాల సన్న బ్లేడు దగ్గర కంటికి ఏమీ తెలియదు. అందుకు వడ్రంగులు చేసే పరీక్ష నాకు చాలా ఇష్టం. మందపాటి చెక్క ముక్కను బ్లేడు ముందు నుంచి కొంచెం నెట్టి చిన్న గాటు పెట్టాలి. యంత్రం ఆపి, ముక్కను సగం చుట్టు తిప్పి, అదే గాటును బ్లేడు వెనక వైపు నుంచి తొడగాలి. బ్లేడు నిలువుగా ఉంటే గాటులోకి జారిపోతుంది. వాలి ఉంటే, తిప్పడం వల్ల వాలు రెట్టింపై కనిపిస్తుంది, దూరదు. కొలిచే పరికరం లేకుండానే తప్పు తనను తాను రెండింతలు చేసి చూపించుకుంటుంది.

బల్ల సరిగ్గా ఉన్నా బ్లేడు వంగితే ప్రయోజనం లేదు. దండేనికి మధ్యలో తడి దుప్పటి వేస్తే తాడు ఎంత జారుతుందో చూశారు కదా, బ్లేడుదీ అదే లెక్క. పక్కకు నెట్టే బలాన్ని బ్లేడు పొడవుతో గుణించి, బిగుతుకు నాలుగు రెట్లతో భాగిస్తే వంపు వస్తుంది. బిగింపుల మధ్య 120 మిల్లీమీటర్ల బ్లేడు, పది కిలోల బరువు లాగినంత బిగుతు ఉందనుకోండి. మలుపు దగ్గర తొందరపడి 200 గ్రాముల బలంతో పక్కకు నెట్టినా మధ్యలో 0.6 మిల్లీమీటర్లు వంగుతుంది. బిగుతు రెట్టింపు చేస్తే సగమవుతుంది. వదులు బ్లేడుతో మందపాటి చెక్క కోస్తే ముక్క నడుము ఉబ్బుతుంది, పైనా కిందా సరిగ్గానే ఉంటుంది. అందుకే తప్పు పట్టుకోవడం కష్టం. అలవాటైన చేతులు బ్లేడును వేలితో మీటి, మోగే శబ్దాన్ని బట్టి బిగుతు తెలుసుకుంటాయి.

బ్లేడుకు ఇంకో గుణం ఉంది. ఫ్యాక్టరీలో పళ్లు తీసేటప్పుడు ఒక పక్కన సన్నటి గరుకు అంచు మిగిలిపోతుంది. ఆ పక్క ఎక్కువ కోస్తుంది, అందుకని బ్లేడు ఎప్పుడూ ఒక వైపుకే, సాధారణంగా కుడికి, లాగుతుంది. నేరుగా నెడితే గీత తప్పుతుంది. పలకను కొద్దిగా ఏటవాలుగా పట్టుకుని నెట్టడమే మందు. కొత్తవాళ్లు తమ చెయ్యే వంకరనుకుని బాధపడుతుంటారు, పాపం. ఇక కిందికి కోసే పళ్లు పలక అడుగున పెచ్చులు లేపుతాయి కాబట్టి, బ్లేడు అడుగున కొన్ని పళ్లు పైకి తిరిగి ఉండే రకం కొనడం మంచిది. స్ట్రోకు రెండు సెంటీమీటర్లే కాబట్టి బ్లేడులో ఎప్పుడూ ఒకే భాగం అరుగుతుంది. బల్ల మీద ఒక పలక వేసి ఎత్తు పెంచితే పైన ఉన్న కొత్త పళ్లు పనిలోకి వస్తాయి.

మన పటంలో అసలు పరీక్ష తీరం దగ్గర. బ్లేడుకు వెడల్పుంది కాబట్టి అది ఎంత మలుపైనా తిరగలేదు. సన్నని కాలువలో పొడవాటి పడవ తిరగలేనట్టే అని రాయబోయి ఆగాను; లెక్కే చెప్తాను. వెడల్పును దానితోనే గుణించి, సందుకూ బ్లేడు మందానికీ ఉన్న తేడాకు ఎనిమిది రెట్లతో భాగిస్తే, ఆగకుండా తిరగగల అతి చిన్న మలుపు వ్యాసార్థం వస్తుంది. బ్లేడు వెడల్పు 0.55, ఆ తేడా 0.1 అయితే 0.38 మిల్లీమీటర్లు. నేల మీద ముప్పావు కిలోమీటరు. అంతకంటే చిన్న పాయలు, మొగలు, ఇసుక మేటలు అన్నీ రంపానికి కనిపించవు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఇసుక తిన్నె. పటంలో ఎనిమిది మిల్లీమీటర్ల సన్నటి పుల్ల. దాన్ని కోయడానికి ప్రయత్నిస్తే విరిగి పొట్టులో కలుస్తుంది. వదిలేయాలి.

ఇది రంపానికే ఉన్న ఇబ్బంది కాదు. తీరం పొడవు ఎంత అన్న ప్రశ్నకు జవాబు మనం ఎంత చిన్న కొలబద్ద వాడామన్న దాని మీద ఆధారపడుతుంది. భారత తీరం 7,516 కిలోమీటర్లని మనం బడిలో చదువుకున్నాం. ఇటీవల కేంద్ర ప్రభుత్వం మళ్లీ లెక్కేస్తే 11,098 వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తీరం 974 నుంచి 1,053 అయింది. సముద్రం ముందుకు రావడం వల్ల కాదు. పాత లెక్క 45 లక్షలకు ఒకటి స్కేలు పటాల మీద, కొత్త లెక్క రెండున్నర లక్షలకు ఒకటి స్కేలు మీద వేశారు. కొత్త పటంలో వంకలు ఎక్కువ కనిపించాయి. గుజరాత్‌తో పోలిస్తే మన తీరం నున్నగా ఉంటుంది గనుక మన అంకె పెద్దగా పెరగలేదు. గుజరాత్‌ది దాదాపు రెట్టింపైంది. మన బల్ల మీద కొలబద్ద బ్లేడు వెడల్పే. వెడల్పు బ్లేడు వేస్తే ఆంధ్ర తీరం పొట్టిదవుతుంది.

పశ్చిమాన ఇంకో విశేషం. పాత పజిళ్లలో చుట్టూ అంచు ముక్కలకు తప్ప లోపలి వాటికి కొక్కేలు ఉండేవి కావు. బల్ల కదిపితే చెదిరిపోయేవి. మన పటానికి కొక్కేన్ని చరిత్రే ఇచ్చింది. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా దాదాపు అన్ని వైపులా ఆంధ్ర నేలతో చుట్టుకుని ఉంటుంది, సన్నటి మెడతో మాత్రమే మిగతా కర్ణాటకకు తగులుతుంది. పటం చుట్టూ కర్ణాటక అంచును కూడా చట్రంగా కోస్తే, పావగడ తల శ్రీ సత్యసాయి జిల్లాలో దూరి రెండు రాష్ట్రాల్ని బిగించేస్తుంది. ఇలాంటి కొక్కెం ఎప్పుడు పట్టు నిలుపుతుంది? రంపం తల నుంచి రెండు పక్కలా కలిపి ఒక సందంత తీసేస్తుంది, ఎదుటి ముక్కలో మెడ దూరే ద్వారాన్ని ఒక సందంత పెంచుతుంది. కాబట్టి తల వెడల్పు మెడ కంటే రెండు సందులకు మించి ఎక్కువ ఉండాలి. 0.35 సందుకు 0.7 మిల్లీమీటర్లు. పావగడ తల సుమారు 18 మిల్లీమీటర్లు, బెంగ లేదు. మెడ విరుగుతుందేమోనన్నదే భయం. సాదా చెక్కలో నార మెడకు అడ్డంగా పోతే చిన్న పిల్ల పట్టుకోగానే పుటుక్కుమంటుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి ఏ దిక్కున మెడ వచ్చినా కొన్ని పొరలు కాపాడతాయి.

యానాం సంగతి వేరు. పుదుచ్చేరిలో భాగమైన ఆ చిన్న పట్టణం చుట్టూ ఆంధ్రప్రదేశే. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. పటంలో దాదాపు 2.7 మిల్లీమీటర్ల ముక్క. బయటి అంచు నుంచి దాన్ని చేరాలంటే పక్క జిల్లాను కోయాలి. లేదా సన్న మరతో కన్నం వేసి, బ్లేడు పై కొస విప్పి, కన్నంలోంచి ఎక్కించి, మళ్లీ బిగించి, లోపల చుట్టి రావాలి. కన్నమే ఒక మిల్లీమీటరు! కోసినా ఆ ముక్క మూడేళ్ల పిల్లల నోటికి అందే పరిమాణం. నా సలహా, యానాన్ని రంగుతో చూపించండి.

ఇంత జాగ్రత్తగా కోసినా చెక్క మాత్రం కదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. నార పొడవునా దాదాపు ఏమీ లేదు, అడ్డంగానే అంతా. పచ్చి టేకు పూర్తిగా ఎండితే వలయాల వెంట సుమారు 5.8 శాతం తగ్గుతుంది, వలయాలకు అడ్డంగా అందులో సగం కంటే తక్కువ. వేసవి మొదట్లో హూడిలో గాలి తేమ నలభై శాతం దగ్గర ఉంటే చెక్కలో తేమ ఏడెనిమిది శాతానికి దిగుతుంది. అదే చెక్కను కోనసీమ ఇంట్లో ఎనభై శాతం తేమలో కొన్ని వారాలు ఉంచితే 15, 16కు పోతుంది. ఈ తేడాకు 20 సెంటీమీటర్ల టేకు పలక మూడు మిల్లీమీటర్లు పెరగగలదు. దాని ముందు 0.35 మిల్లీమీటర్ల సందు ఏపాటిది? ముక్కలన్నీ ఒకే పలకవి కాబట్టి, నార దిక్కూ ఒకటే కాబట్టి, అన్నీ కలిసి ఉబ్బి ఒకదానితో ఒకటి అతుకుతాయి. పాత కొలతకు చేసిన చట్రంలోకి మాత్రం దిగవు. ముక్కల్ని ఎటు తిప్పినా పెట్టుకునే పజిల్ అయితే ఇంకా చిక్కు, ఒకటి అడ్డంగా పెరిగిన చోట పక్కది పెరగదు. ఇలాంటి కొలతలు తీయడమే పనిగా బెంగళూరులో ఒక సంస్థ ఉంది: 1938లో అటవీ పరిశోధనశాలగా మొదలై 1988లో ఉడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థగా మారిన మల్లేశ్వరం ప్రాంగణం. పజిల్‌కు ప్లైవుడ్ వాడమనడానికి ఉన్న బలమైన కారణం ఈ తేమే. పొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచి కదలికను చాలా తగ్గిస్తాయి.

లేజరుతో కోస్తే ఈ బాధలుండవు కదా అనేవాళ్లు బెంగళూరులో చాలామందే. కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మహారాష్ట్ర బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. చెక్కను కోసే యంత్రాల్లో ఇప్పటికీ ఎక్కువ భాగం ఆ రకమే. సందు రంపం కంటే సన్నం, వందో పలకా మొదటిదానిలాగే వస్తుంది, ఒక పెట్టెలో పోయిన కడప ముక్కను ఇంకో పెట్టెలోంచి తెచ్చి పెట్టుకోవచ్చు. రంపంతో కోసిన రెండు పటాల మధ్య ఆ మార్పిడి కుదరదు. ఒక్కో పలకలో తప్పులు ఒక్కో విధంగా పంపకమయ్యాయి. అంచులు నల్లగా కాలి ఉండటం, కాలిన వాసన నాకు నచ్చవు, అది నా గొడవ.

పొట్టు గురించి ఒక్క మాట. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలో చేర్చింది. బాల్కనీలో ఒక పలక కోసినంత మాత్రాన భయపడాల్సిన పని లేదు గానీ, ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి, పిల్లల్ని లోపల ఉంచాలి, పొట్టును ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. కింది అంతస్తువాళ్ల బట్టలు ఆరేసి ఉన్నాయేమో కూడా చూసుకోవాలి.

పటం పూర్తయ్యాక జిల్లాలు మళ్లీ మారితే? తెలంగాణ 2016లో 10 నుంచి 31 జిల్లాలకు, 2019లో 33కు చేరింది. ఆ చివరి మార్పుల్లో ములుగు పూర్తిగా భూపాలపల్లి ముక్కలోంచే వచ్చింది. పాత పజిల్ ఉన్నవాళ్లు ఆ ఒక్క ముక్కనే బ్లేడుకు పెట్టి రెండు చేస్తే సరిపోతుంది. మిగతా పటాన్ని కదపక్కర్లేదు. పార్వతీపురం మన్యం అంత తేలిగ్గా రాదు. 2022లో దానికి పార్వతీపురం, సాలూరు విజయనగరం నుంచి, పాలకొండ శ్రీకాకుళం నుంచి వచ్చాయి. రెండు పాత ముక్కల నుంచి చెరో భాగం కోసి, మధ్యలో ఉన్న పాత సందును పూడ్చి, ఒక్కటిగా అతికించాలి. కోసిన సందు తిరిగి రాదు, మామూలు జిగురు 0.35 మిల్లీమీటర్ల ఖాళీని సరిగ్గా పట్టదు. అక్కడ కొండపల్లి వాళ్ల పద్ధతి వాడొచ్చు. వాళ్లు పొణికి చెక్కతో బొమ్మల కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు, సందులన్నీ అదే నింపుతుంది. మన దగ్గర ఆ పలక పొట్టే గిన్నెలో ఉంది కాబట్టి రంగు కూడా కలుస్తుంది. మక్కు పూర్తిగా ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, మన్యం ముక్క చుట్టూ బ్లేడుతో మరోసారి తిరగాల్సిన అవసరం లేకుండా, పాత అంచుల్నే ఉంచుకోవాలి.